డాక్టరు త్రిమూర్తులు గారి తిండి గోల

డాక్టరు త్రిమూర్తులు గారికి ఎవరు ఏ కబురు తెచ్చినా, అది మంచిదైనా చెడ్డదైనా, ఆయన ముందుగా అడిగేది ఒకటే: "ఏం తిన్నారండీ? ఎప్పుడు తిన్నారండీ?" ఈ రెండింటికీ జవాబు వచ్చేదాకా ఆయన బుర్ర అంగుళం ముందుకు కదలదు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఉప్పల్ పశువుల దవాఖానాలో ఆయన పనిచేసిన కాలంలో, గేదె ఈనలేకపోతోందని ఏడుస్తూ వచ్చినవాళ్లూ, కుక్కకు సూది వేయించడానికి వచ్చినవాళ్లూ, దారి తప్పి కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలని అడిగినవాళ్లూ కూడా, తమ కడుపులో ఏముందో చెప్పుకున్నాకే లోపలికి వెళ్లారు.

కాంపౌండరమ్మ స్వర్ణలతది ఘట్‌కేసర్. నోరున్న మనిషి, పనిమంతురాలు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున ఆర్డరు కాగితం చేత్తో పట్టుకుని ఆయన బల్ల ముందు నిలబడింది.

"జాయినింగ్ ఆర్డర్ సార్."

ఆయన కాగితం వంక చూడలేదు. "ఏం తిన్నావమ్మా? ఎప్పుడు తిన్నావు?"

స్వర్ణలత వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. "నన్నా సార్?"

"నిన్నేనమ్మా. గేదెలు ఇంకా రాలేదు."

"ఉప్మా దిన్న సార్. ఏడు గొట్టంగ."

ఆయన గోడ గడియారం చూసి, వేళ్ల మీద ఏదో లెక్క వేసి, తృప్తిగా తల ఊపారు. "అయితే ఈపాటికి ఖాళీ అయిపోయి ఉంటుంది. వెళ్లి టీ తాగి, ఓ బన్ను తినిరా. ఖాళీ కడుపుతో సంతకం పెడితే అక్షరాలు వంకరపోతాయి."

ఆ సాయంత్రం స్వర్ణలత మొగుడితో, "మా సార్ మంచోడే, గని జర తిండి పిచ్చున్నది," అంది. వారం తిరగకుండానే ఆ 'జర' తీసేయాల్సి వచ్చింది.

ఎందుకంటే ఆ వారమే తనిఖీకి పై ఆఫీసరు వచ్చాడు. జీపు దిగుతూనే కళ్లజోడు సర్దుకుని, "మందుల గది తాళం తియ్యండి!" అని గర్జించాడు.

"తీస్తానండీ," అన్నారు త్రిమూర్తులు గారు ఎంతో వినయంగా. "తమరు ఏం తిన్నారండీ? ఎప్పుడు తిన్నారండీ?"

"బిర్యానీ. ఇప్పుడే. అయితే ఏంటి?"

"అయితే ఓ అరగంట ఆ బల్ల మీద నడుం వాల్చండి. ఒంట్లో రక్తమంతా పొట్ట దగ్గర పనిలో ఉంది, తల దాకా రాదు. ఇప్పుడు తనిఖీ చేస్తే ఉన్నవి లేవని రాస్తారు, లేనివి ఉన్నాయని రాస్తారు. మాకు ఇబ్బంది, తమకు మాట."

ఆఫీసరుకు కోపం రావాలి. కానీ వచ్చింది ఆవలింత. దూడల్ని పడుకోబెట్టి చూసే బల్ల మీద ఆయన పెట్టిన గురకకు బయట కట్టేసిన బర్రె ఒకటి బదులు పలికిందని స్వర్ణలత ఇప్పటికీ చెబుతుంది. లేచేసరికి పొద్దు వాలింది. 'అంతా సవ్యంగా ఉంది' అని రాసి, మొహం కడుక్కుని వెళ్లిపోయాడు.

పరామర్శకు వెళ్లినా అంతే. నాచారంలో పాల వ్యాపారం చేసే ఓ పెద్దాయన పోతే, ఆయనా స్వర్ణలతా కలిసి వెళ్లారు. ఇల్లంతా ఏడుపు. త్రిమూర్తులు గారు చాప మీద కూర్చుని, గొంతు సవరించుకుని, "పెద్దాయన ఆఖరుగా ఏం తిన్నారండీ?" అన్నారు. స్వర్ణలతకు చాప కింద దూరిపోదామనిపించింది. పెద్దాయన భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సర్వపిండి అడిగిండు సార్. నూనెది వద్దని డాక్టర్ జెప్పిండు. నేను సాటుంగ ఒక్కటి వెట్టిన."

"ఒక్కటా?" అన్నాడు పెద్ద కొడుకు తల ఎత్తి. "నీకు దెల్వకుంట నాకాడ ఒకటి గుంజుకున్నడమ్మా!"

"అయ్యో, మా ఇంటికాడ రెండు దిన్నడు గదా!" అంది అప్పుడే వచ్చిన పెద్దాయన చెల్లెలు.

కాసేపటికి ఆ ఇంట్లో ముసలాయన ఎన్నెన్ని దొంగ తిండ్లు తిన్నాడో తేల్చే పని మొదలై, ఏడుపు నవ్వులోకి దిగింది. వచ్చేటప్పుడు ఆ భార్య త్రిమూర్తులు గారి చేతులు పట్టుకుంది. ఆయన మాత్రం దారంతా, "నూనెలో వేగిన బియ్యప్పిండి అరగడానికి ఎంతసేపు పడుతుందంటావమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు.

ఇతరుల తిండి సంగతి సరే, ఆయన తిండి చూస్తే మతిపోయేది. రోజూ కాదు. కొన్ని రోజులు మాత్రమే. ఏదో ఊళ్లో మందకు మందు తాగించి వచ్చిన రోజున, బస్ డిపో పక్కన సుబ్బులు టిఫిన్ బండి ముందు స్కూటరు ఆపేవారు. ఇడ్లీ, తర్వాత వడ, తర్వాత పెసరట్టు, తర్వాత "మైసూర్ బజ్జీ వేడిగా ఉన్నాయా సుబ్బులమ్మా?" అని మళ్లీ మొదటికి. పక్కన నిలబడి తినేవాళ్లు తమ ప్లేట్లు ఛాతీకి దగ్గరగా పట్టుకునేవాళ్లు. సుబ్బులు మాత్రం ఆయన స్కూటరు చప్పుడు వినగానే పిండి గిన్నె మూత తీసేది. పశువుల్ని పట్టుకోవడం బరువు పని కాబట్టి అంత ఆకలేమో అని స్వర్ణలత సరిపెట్టుకుంది. ఉప్పల్ జనం సరిపెట్టుకోలేదు. ఆయనకు 'తిండి డాక్టర్' అని పేరు పెట్టేశారు.

అది తెలంగాణ రాకముందు, చౌరస్తా దగ్గర ఒకపక్క మెట్రో స్తంభాలకు గుంతలు తవ్వుతూ, ఇంకోపక్క ఉద్యమం దీక్షకు టెంటు వేసి ఉన్న కాలం. ఉప్పల్‌కూ నాచారానికీ నడుమ, ప్లాట్ల రాళ్ల మధ్య ఇంకా మిగిలిన ఖాళీ జాగాలో రాజయ్య మంద ఉండేది. రోజూ మూసీ ఒడ్డుకు తోలుకెళ్లి మేపుకొచ్చేవాడు. ఆయన భార్య శారదమ్మ స్వర్ణలతకు ఊరి వరసన చిన్నమ్మ. పిల్లలకు పేర్లు పెట్టినట్టు గొర్రెలన్నింటికీ పేర్లు పెట్టుకున్న మనిషి.

ఒకనాడు రాజయ్య ఓ గొర్రెను భుజాన వేసుకుని దవాఖానాకు వచ్చాడు. దాని దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది, కనురెప్పల లోపల ఎరుపే లేదు. వెంట బామ్మర్ది తిరుపతి. తిరుపతి నాచారంలో ఏదో కంపెనీలో పనిచేస్తాడు, బావను బాగుచేయడం తన బాధ్యత అనుకుంటాడు.

"సార్, మీ మందు నకిలీ మందు!" అన్నాడు రాజయ్య, ఖాళీ సీసాలు బల్ల మీద పెడుతూ. "కడుపుల నట్ట పురుగులకని మూడుసార్ల దాపిన. నట్టలు సావలే. గొర్లు సస్తున్నయ్."

త్రిమూర్తులు గారు గొర్రె రెప్ప తిప్పి చూసి, ముందుకు వంగారు. "ఏం తిన్నాయండీ? ఎప్పుడు తిన్నాయండీ?"

రాజయ్య మొహం ఎర్రబడింది. "నా గొర్లు సస్తున్నయంటే నీకు తిండి ముచ్చటేంది సార్?"

"నే జెప్పలేదా బావా," అందుకున్నాడు తిరుపతి. "గీ సార్‌కు తిండి దప్ప ఇంకోటి దెల్వది. వచ్చే అమాస తెల్లారి బేరగాడు వస్తుండు, మంద మొత్తం కోతకు గుంపగుత్తగ తోలిచ్చెయ్యి. మా కంపెనీల వాచ్‌మెన్ నౌకరి మాట్లాడిపెట్టిన. డ్రెస్సిస్తరు, కుర్సిస్తరు. కూసోని జీతం దీసుకునుడే."

"శారద ఏమంటున్నదో ఎర్కేనా నీకు?" అన్నాడు రాజయ్య నీరసంగా. "మంద వోతే తను గూడ బేరగాని ఎంబడి వోతదంట."

అప్పుడు అర్థమైంది స్వర్ణలతకు. అమావాస్య లోపల ఈ గొర్రెలు కోలుకోకపోతే, చిన్నమ్మ దొడ్డి ఖాళీ అవుతుంది. రాజయ్య కాక ఏదో గేటు ముందు కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే కార్లను గొర్రెల్లా లెక్కపెట్టుకుంటాడు. ఆమె కాస్త కోపంగానే అంది: "కాకా, సార్ అడిగినదానికి జెప్పరాదే! అడుగుడు ఆయన ఇడ్వడు, చెప్పుడు నీకు తప్పది."

రాజయ్య ఛాతీ విరుచుకున్నాడు. "మస్తు దిన్నయ్ సార్. ఖాళీ కడుపున మందేస్తమా? నాకు జరమొస్తే దవాఖానల ఏమన్నరు? తిన్నంక ఏసుకోమన్నరు. మన పానమొకటి, దాని పానమొకటా? పొద్దుగాల్నే మూసీ గడ్డి కడుపులు పగిలేటట్టు మేపి, అటెన్క దాపిన."

"మూసీ గడ్డా?" డాక్టరు గారు రుచి చూస్తున్నట్టు కళ్లు మూసుకున్నారు. "పచ్చిదేనా?"

"నీళ్లు గారేటంత పచ్చిది!"

"ఊఁ. తర్వాత?"

"మందు చేదుంటదని శారద దాంట్ల బెల్లం నీళ్లు గలిపింది. పెదవుల కాడ వోస్తే సప్పరించుకుంట దాగినయ్, పిల్లలు పాలు దాగినట్టు."

త్రిమూర్తులు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన మొహం పోయిన వస్తువు దొరికినవాడి మొహంలా వెలిగింది. "ఆహా! ఎంత ప్రేమండీ! ఇంత ప్రేమగా మందును పెంటలో పోసినవాళ్లను నేనెక్కడా చూడలేదండీ!"

రాజయ్యకు తిట్టారో పొగిడారో తెలియలేదు. తిరుపతికి మాత్రం తిట్టారనిపించి సంతోషం వేసింది.

"చూడండి రాజయ్యగారూ," అన్నారు ఆయన, బల్ల మీద సీసాలతోనే దారి గీస్తూ. "గొర్రె పెద్దపొట్ట మన ఉప్పల్ డిపో అనుకోండి. మందు ముందు అక్కడ చేరాలి. అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా, బస్సు తర్వాత బస్సుగా, పేగుల దారిన బయల్దేరాలి. ప్రతి స్టాపులో ఆగాలి. ఆగితేనే రక్తంలోకి దిగుతుంది, నట్టకు తగులుతుంది. మీరేం చేశారు? వెనక నుంచి నీళ్ల గడ్డి తోశారు. ఇంకా తోశారు. బస్సు ఎక్కడా ఆగలేదు. మందు ఎక్కింది ఎక్కినట్టే పోయి ఘట్‌కేసర్ అవతల దిగింది."

"మరి బెల్లం నీళ్లు?"

"అది ఇంకా ఘోరం! చప్పరించి పాలలా మింగితే, లోపల చిన్నప్పటి పాల దారి తెరుచుకుంటుంది. అలా పోయిన మందు అసలు డిపోకే రాదు. బైపాస్ ఎక్కేస్తుంది."

రాజయ్య చేతిలో ఉన్న గొర్రె పొట్ట వైపు కొత్తగా చూశాడు. "ఇప్పుడేం జెయ్యాలె సార్?"

"డిపోలో రద్దీ తగ్గించాలి. రేపు మధ్యాహ్నం మేపాక మేత బంద్. నీళ్లు మాత్రం కావలసినన్ని. ఎల్లుండి పొద్దున్నే నేను వచ్చి, నాలుక వెనక్కి, గొంతు దగ్గర మందు పోస్తాను. ఆ తర్వాత కూడా ఎండ నెత్తికెక్కేదాకా ఏమీ పెట్టకూడదు. నిండు చూలువీ, పాలు తాగే పిల్లలూ, ఇలా బాగా నీరసించినవీ వేరే కట్టేసి మేత పెట్టండి. వాటి సంగతి విడిగా చూస్తాను."

మర్నాడు మధ్యాహ్నం ఈ మాట శారదమ్మకు చెప్పడానికి స్వర్ణలత ఆయన్ను వెంటబెట్టుకుని దొడ్డికి వెళ్లింది. శారదమ్మ కొంగు నడుముకు చుట్టి తడిక ముందు నిలబడింది.

"ఆకలికి కట్టేస్తవా? సుస్తిగున్న జీవాలను? ఏం పాపం జేసినయ్ సార్?"

"ఒక్క పూటండీ. మందు పట్టాలంటే..."

"నీకేమెర్క ఆకలంటే? సుబ్బులు బండి కాడ నువ్వు దినేది మేం సూస్తలేమా? ఇడ్లీలైనంక వడలు, వడలైనంక బజ్జీలు! కడుపు నిండినోనివి, నా గొర్లకు ఉపాసం జెప్తవా?"

స్వర్ణలత చటుక్కున, "చిన్నమ్మా!" అంది. డాక్టరు గారు మాత్రం నొచ్చుకోలేదు. చెప్పులు చూసుకుంటూ, "మీరేం తిన్నారమ్మా?" అన్నారు.

"నేనేం దింటే నీకెందుకు!"

చివరికి రాజయ్యే తడిక మూశాడు. "అమాస దాక మందేమో జూద్దం శారదా. గాకపోతే ఎట్లాగూ అమ్ముడే గదా," అన్నాడు. ఆ మాటకు శారదమ్మ తడిక పట్టుకుని అక్కడే కూలబడింది.

సాయంత్రమయ్యేసరికి మంద అరుపు మొదలుపెట్టింది. మేతవేళ దాటిన గొర్రెల అరుపు రోడ్డు మీద హారన్‌లను మింగేసింది. నాచారం షిఫ్టు వదిలి వచ్చేవాళ్లు సైకిళ్లు ఆపి చూడసాగారు. తిరుపతి అందరికీ ఒకటే చెప్పాడు: "గోదారి జిల్లా డాక్టరొచ్చి మా బావ గొర్లకు తిండి బంద్ వెట్టిండు!"

బంద్ అనే మాటకు ఆ రోజుల్లో రెక్కలుండేవి. అరగంటలో అది చౌరస్తాలో టెంటు దాకా వెళ్లింది. అక్కడికి చేరేసరికి కొంచెం మారింది. దీక్షలో కూర్చునేవాళ్ల మెడలో వేసే బంతిపూల దండ పట్టుకుని నలుగురు వచ్చేశారు.

"నిరాహార దీక్షల కూసున్నది ఎవరే?" అన్నాడు ముందున్న పెద్దమనిషి.

"గొర్లు," అంది స్వర్ణలత.

పెద్దమనిషి మందను చూశాడు, దండను చూశాడు, వెంట వచ్చినవాళ్లను చూశాడు. తెచ్చిన దండ వెనక్కి తీసుకుపోతే పరువేముంది? "మన గొర్లే గదా," అని గొంతు సవరించుకుని, ముందుకు వచ్చి నిలబడ్డ పెద్ద పొట్టేలు మెడలో దండ వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేలోపల పొట్టేలు తల వంచి దండను నాలుగు గుటకల్లో మింగేసింది.

"దీక్ష భగ్నం!" అన్నాడెవరో.

అప్పుడే స్కూటరు దిగుతున్న త్రిమూర్తులు గారు పరుగెత్తుకొచ్చారు. "అది ఏం తిన్నదండీ? ఎన్ని పూలు తిన్నదండీ? దారంతో సహానా?" పొట్టేలు నోట్లో చెయ్యి పెట్టి దారం కొస పట్టుకుని మెల్లగా లాగుతూనే, దండ వేసిన పెద్దమనిషికి డిపో, బస్సు, బైపాస్ మొత్తం వివరించారు. ఆ పెద్దమనిషి చిన్నప్పుడు గొర్రెలు కాసినవాడేనట. శ్రద్ధగా విని, "గిది తెలంగాణకు పనికొచ్చే ముచ్చటే," అని తిరుపతి వైపు ఓ చూపు చూసి వెళ్లిపోయాడు. పొట్టేలుకు ఇంకో రోజు మందు పోయాలని నిర్ణయమై, దాన్ని వేరే కట్టేశారు. మందలో ఆ పూట సుఖంగా నిద్రపోయింది అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. రాజయ్య ఒక్కొక్కటే పట్టుకొస్తాడు, స్వర్ణలత దవడ ఎత్తి పడుతుంది, డాక్టరు గారు పిచికారీ గొట్టాన్ని పెదవి పక్కనుంచి పోనిచ్చి, నాలుక మీదుగా వెనక్కి తీసుకెళ్లి మందు వదులుతారు. చప్పరించడానికి గొర్రెకు వ్యవధి ఉండదు, గుటుక్కున మింగడమే. "డిపో చేరింది!" అంటారు ఆయన ప్రతిసారీ. శారదమ్మ దూరంగా కూర్చుని, బిడ్డలకు సూది వేయిస్తున్న తల్లిలా మొహం తిప్పుకుని ఉంది.

మంద చివరికి వచ్చేసరికి ఆయన ఒకసారి తడిక పట్టుకుని నిలబడ్డారు.  ఆఖరి గొర్రెకు మందు పోసి, "డిపో..." అన్నారు. 'చేరింది' అనలేదు. గొట్టం చేతిలోనే ఉండగా, ఆ గొర్రె మీదే ఒరిగి, మెల్లగా కిందికి జారిపోయారు.

"ఓయమ్మ! సార్!"

రాజయ్య ఆయన్ను లేపి గోడకు ఆనించాడు. స్వర్ణలత మొహాన నీళ్లు చల్లింది. అందరికంటే ముందు శారదమ్మ వచ్చి పడింది. ఆయన గడ్డం పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, గట్టిగా అడిగింది: "ఏం దిన్నవ్ సార్? ఎప్పుడు దిన్నవ్?"

జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్న ఎదురొచ్చేసరికి త్రిమూర్తులు గారు తడబడ్డారు. "అదే... నిన్న... అంటే..." అని ఆకాశం వైపు చూశారు.

స్వర్ణలతకు భయం పట్టుకుంది. సెల్‌ఫోన్ తీసి ఆయన ఇంటికి చేసి, తన చేతులు తడిగా ఉండడంతో స్పీకరు పెట్టింది. డాక్టరు గారి భార్య హైమావతి గారు ఎత్తారు.

"మేడం, సార్‌కు షుగర్ ఏమన్న ఉన్నదా? కండ్లు దిరిగి కింద వడ్డరు."

"షుగరూ లేదు, ఏమీ లేదమ్మా," అన్నారు హైమావతి గారు ఏమాత్రం కంగారు లేకుండా. "ఎక్కడో మందకు మేత ఆపించి ఉంటారు. అవునా?"

"అవును మేడం."

"అదే మరి! మేత ఆపించిన పూట ఈయన కంచం ముందు కూర్చోరమ్మా. నిన్న మధ్యాహ్నం నుంచి మంచినీళ్లే. అవి తిన్నాకే ఈయన తినేది. పెళ్లయిన కొత్తలో నా వంట నచ్చలేదేమోనని ఏడ్చాను కూడానూ. తర్వాత తెలిసింది, నా పోటీ గొర్రెలతో అని. ఎప్పుడూ ఇలా పడిపోలేదు, వయసు వస్తోందిగా. అవి మేతకు లేచాక కాస్త ఏదైనా పెట్టు తల్లీ. ముందు పెట్టినా తినరు."

దొడ్డిలో అందరూ విన్నారు. సుబ్బులు బండి దగ్గర ఆ ప్లేట్ల మీద ప్లేట్లు ఎందుకో స్వర్ణలతకు అప్పటికి తెలిసింది. ఎన్నిసార్లు నవ్వుకుందో, ఎన్నిసార్లు మొగుడికి చెప్పి నవ్వించిందో తలుచుకుని ఆమెకు సిగ్గేసింది. ఆయన మీద గర్వం కూడా కలిగింది.

"ఎందుకు సార్ గిదంత?" అన్నాడు రాజయ్య.

దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా త్రిమూర్తులు గారు మీసం సవరించుకున్నారు. "ఏం లేదండీ. మనిషికైతే ఆపరేషనుకు ముందు తినొద్దని చెప్పి, ఎందుకో చెప్పి ఒప్పిస్తాం. వీటికెలా చెప్పను? మీ మంచికేనర్రా అని గొర్రె భాషలో అనడం నాకు రాదు. అరుస్తుంటే వినలేను. అందుకని తోడుంటానంతే."

శారదమ్మ గుడిసెలోకి వెళ్లి జొన్న రొట్టె, పప్పు పళ్లెంలో పెట్టుకొచ్చింది. ఆయన పళ్లెం వైపు ఆశగా చూసి, మెడ పక్కకు తిప్పుకున్నారు. "ఇంకా వాటి టైము కాలేదండీ."

"ఏమయ్యో! ఎండ నెత్తికెక్కిందా సూడు!" అని అరిచింది శారదమ్మ.

రాజయ్య కర్ర నేలలో పాతి దాని నీడ చూశాడు. "ఇంకా జానెడున్నది."

అప్పటినుంచి అందరికీ ఆ నీడే లోకమైపోయింది. తిరుపతి కూడా ఎప్పుడు వచ్చాడో వచ్చి, గొంతుక్కూర్చుని నీడను చూడసాగాడు. "బెత్తెడైంది," అన్నాడు కాసేపటికి. అతను బావకు పనికొచ్చే మాట అనడం అదే మొదలు. చివరికి నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుంది. రాజయ్య తడిక తీసి ఎండుమేత పరిచాడు. మంద ఒక్కసారిగా దాని మీద పడింది. డాక్టరు గారు ఒక్కసారిగా రొట్టె మీద పడ్డారు. రెండు వైపులా నమలడం తప్ప ఇంకో చప్పుడు లేదు.

తర్వాతి రోజుల్లో శారదమ్మ పనల్లా పొద్దున లేవగానే ఒక్కో గొర్రె రెప్ప తిప్పి చూడడమే. మొదట ఏమీ తేడా కనబడలేదు. ఆ తర్వాత ఒకదాని దవడ కింద నీరు తగ్గింది. తర్వాత ఇంకోదానిది. రెప్పల లోపల తెలుపులోకి గులాబీ రంగు పాకింది. విడిగా ఉంచినవాటికి కూడా డాక్టరు గారు ఓపిగ్గా మందులిచ్చి నిలబెట్టారు. పెంటికలు తెచ్చి దవాఖానాలో మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడు, రాజయ్య ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ఏం కనవడ్తలేదు సార్."

"అదే కావలసిందండీ! నట్ట గుడ్లు కనబడకూడదు!" అని త్రిమూర్తులు గారు ఆయన్ను కౌగిలించుకున్నారు.

అమావాస్య వెళ్లిన పొద్దున తిరుపతి మాట ప్రకారం బేరగాడు వచ్చాడు. జబ్బు మంద, చవగ్గా కొట్టేయొచ్చని ఖాళీ డీసీఎం లారీ కూడా తెచ్చుకున్నాడు. తడిక దాటి ఓ గొర్రె నడుం పట్టి చూడబోయాడు, అది చేతికి దొరకలేదు. ఇంకోదాని వెంట పడ్డాడు, అదీ దొరకలేదు. దండ మింగిన పెద్ద పొట్టేలు రెండడుగులు వెనక్కి వేసి, బాగా గురి చూసి, బేరగాణ్ని వదిలేసి పక్కన నిలబడ్డ తిరుపతిని కుమ్మింది.

బేరగాడు తనంతట తానే ధర పెంచాడు. రాజయ్య నవ్వాడు. మళ్లీ పెంచాడు. రాజయ్య తలపాగా విప్పి దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. "నేను అమ్మనన్నా. బండి కిరాయి నష్టమైతే, అగో, మా బామ్మర్దిని అడుగు."

శారదమ్మ తమ్ముణ్ని లేవదీసి దుమ్ము దులిపింది. "ఆ డ్రెస్సు, కుర్సీ ఉన్నయన్నవ్ గదరా తమ్మీ. నువ్వే కూసో. నీ నడుముకు జర ఆరామైతది."

కబురు ఆగుతుందా? వానలు మొదలయ్యేసరికి పీర్జాదిగూడ నుంచి, ఘట్‌కేసర్ నుంచి, మౌలాలి గుట్ట కింది నుంచి మందలవాళ్లు దవాఖానా ముందు వరస కట్టారు. "మాకు ఉపాసం మందు గావాలె," అన్నారు. నకిలీ మందని తిట్టినవాళ్లే చంకన సీసాలతో వచ్చారు. త్రిమూర్తులు గారు పొంగిపోయి, వారంలో ఒక్కరోజు ఖాళీ లేకుండా మందలకు ఒప్పేసుకున్నారు. స్వర్ణలత లెక్క వేసుకుంది. మందకో పస్తు అంటే, వానాకాలం వెళ్లేసరికి ఈయన స్కూటరు మీద గాలికి ఎగిరిపోడా? ఆ మధ్యాహ్నమే శారదమ్మ దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకుంది. శారదమ్మ విని, "నాకిడ్సిపెట్టు బిడ్డా," అంది.

మొదటి మందకు మేత ఆపాల్సిన రోజున సాయంత్రం, దవాఖానా మూసే వేళకు శారదమ్మ లోపలికి వచ్చింది. చేతిలో గిన్నెలు. వెనక, మందలు మేపే ఇళ్ల ఆడవాళ్లు వాకిలి నిండా నిలబడ్డారు. వాళ్లలో ఆ రోజు మేత ఆపిన మంద తాలూకు ఆమె కూడా ఉంది.

"కూసో సార్. అన్నం దిను."

"ఇవాళ వద్దండీ, మీకు తెలుసు కదా, ఇవాళ..."

"ఎర్కనే. అందుకనే వచ్చినం. ఇయ్యాల్టి సంది ఏ మంద ఉపాసముంటే ఆ ఇంటోళ్లే దానికి తోడుంటరు. ఇయ్యాల ఈమెది వంతు. మేత బంద్ వెట్టిన కాన్నుంచి బుక్కెడు ముట్టలే. రేపు ఇంకొకలు. మేమందరం మాట్లాడుకున్నం."

"అలా కాదండీ, అది నా అలవాటు, మీరెందుకు..."

"గొర్లు ఎవరివి సార్? నీవా, మావా?"

త్రిమూర్తులు గారు స్వర్ణలత వైపు చూశారు. స్వర్ణలత బల్ల మీద కాగితం పరిచి, మంచినీళ్ల గ్లాసు పెట్టింది. ఆయన కూర్చున్నారు. ప్లేట్ల మీద ప్లేట్లు లాగించే ఆ చెయ్యి మొదటి ముద్ద దగ్గర ఆగిపోయింది. వాకిట్లో ఉన్న వాళ్లందరినీ ఒకసారి చూశారు. వంతు వచ్చిన ఆమె, "దిను సార్, గొర్లకు నువ్వు జెప్పినట్టు నాకు గూడ నీళ్లున్నయ్ గదా," అని నవ్వింది.

ఆయన తిన్నారు. ముందు మొహమాటంగా, తర్వాత మామూలుగా, ఆ తర్వాత అందరికీ తెలిసిన త్రిమూర్తులు గారిలాగా తిన్నారు. పప్పు బాగుందని, ఇంకొంచెం వెయ్యమన్నారు. గిన్నె అడుగు కనబడేదాకా శారదమ్మ గరిటె దించలేదు.